రాతి పుటలలో చెట్ల చరిత్ర

సికిందరాబాదు చుట్టును గల గుట్టలను మనము నిత్యము చూచుచున్నాము. మౌలాలి గుట్టను ఎంత త్రవ్వినను ఒక్క ఆకు ముద్రయైనను దొరకదు. కరగిన పదార్థము భూగర్భమున చల్లారి ఏర్పడిన రాయి యది; ప్రాణికి అందు తావు లేదు. చెట్ల పూర్వచరిత్ర తెలియవలెనన్న, నీటి అడుగున ఒండ్రు పేరుకొని గట్టిపడిన రాళ్లను వెదకవలెను. అట్టివి గోదావరి లోయలో కలవు.

ఇల్లెందు దగ్గర 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగు బొగ్గును గుర్తించెను. ఒకప్పుడు సికిందరాబాదు స్టేషనులో పొగ చిమ్మిన ఇంజనులకు సింగరేణి బొగ్గే ఆహారము. ఆ బొగ్గు ఒకనాటి అడవి. దాని పొరల నడుమనున్న పలక రాళ్లలో నాలుకవంటి ఆకుల ముద్రలు కనబడును. ఆ చెట్టు పేరు గ్లాసోప్టెరిస్. కాలము 25 మొదలు 30 కోట్ల సంవత్సరముల క్రిందటిది. అదే ఆకు ఆఫ్రికా, ఆస్ట్రేలియాలలోను కలదు. 1912లో దక్షిణధ్రువము నుండి మరలుచు మరణించిన స్కాటు బృందము కడవరకు విడువక మోసిన రాళ్లలోను అది యుండెను. ఈ ఖండములన్నియు ఒకనాడు కలిసియుండెననుటకు ఈ ఆకు గొప్ప సాక్షి.

అయినను గ్లాసోప్టెరిస్ విత్తనములు గల చెట్టు. అంతకు ముందరి కథ యేమి? మొక్కలు నీటిని విడిచి నేలకెక్కినది సుమారు 47 కోట్ల యేండ్ల క్రిందట. స్కాట్లండులోని రైనీ గ్రామమున 40 కోట్ల యేండ్లకు పైబడిన మొక్కలు దొరికినవి. వానిలో అనేకములకు ఆకులు లేవు, వేళ్లును లేవు; కాని కాండమున నీటి నాళములును, పై పొరలో గాలి రంధ్రములును కలవు. అనగా ఎండకు తాళు ఏర్పాటు ముందు, ఆకు తరువాత. ఆ మొక్కలకు బంధువులు మంచినీటి నాచులు. రాజమహేంద్రవరము చెంత లావా పొరల నడుమ చిక్కిన అట్టి నాచుల ఫలములను కె. శ్రీపాదరావు, ఎస్. ఆర్. నారాయణరావు గారలు వర్ణించిరి.

ఈ విద్యకై బీర్బల్ సాహ్ని గారు లక్నోలో ఒక సంస్థను నెలకొల్పిరి. 1949 ఏప్రిల్ 3న దాని భవనమునకు శంకుస్థాపన జరిగినది. సరిగా వారము దినములకే, 10వ తేదీన, వారు కన్నుమూసిరి. పని మాత్రము ఆగలేదు. రాతిని ఆమ్లములలో కరగించి, మిగిలిన పుప్పొడిని సూక్ష్మదర్శినితో పరీక్షించి పొరల వయస్సును నిర్ణయించుచున్నారు.

గనిలో ముద్ర గల రాయి తరచు చెత్తకుప్ప పాలగును. ఏ పొరలోనిదో తెలియని ముద్ర తేదీ లేని ఉత్తరము వంటిది. అట్టి రాయి మీ కంటబడినచో, తీసిన చోటును, లోతును ఒక చీటిపై వ్రాసి దానితో ఉంచుడని మా మనవి. కోట్ల యేండ్లు నిలిచిన సాక్ష్యము మన అజాగ్రత్తవలన ఒక్క దినమున నశింపరాదు గదా!