మరపు ప్రవేశించిన ఇల్లు



ఉద్యోగరీత్యా దూరప్రాంతములలో కాపురముండు తెలుగువారు స్వగ్రామమున ఒంటరియైన తండ్రినో తల్లినో తమ క్వార్టర్సునకు తెచ్చుకొనుట సాధారణము. కొన్నాళ్లకు ఆ పెద్దవారు అడిగినదే మరల మరల అడుగుదురు. భోంచేసి లేచి, అన్నము పెట్టలేదందురు. సంజవేళ కాగానే చేతిసంచితో గుమ్మమువద్ద నిలిచి "ఇంటికి పోదము" అందురు. ఇంటివారు దీనిని చాదస్తమందురు. ఆ ఒక్క మాటవలన ఎన్ని ఏండ్లు వృథా యగుచున్నవో!

ఇది మెదడునకు వచ్చిన వ్యాధి. జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ 1906లో దీనిని వర్ణించెను. 1910లో క్రెపెలిన్ ఆయన పేరే దీనికి పెట్టెను. 2023లో ప్రకటితమైన అంచనా ప్రకారము భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7 మందికి మించి, అనగా సుమారు 88 లక్షలమందికి, డిమెన్షియా కలదు. అందు ఆల్జైమర్సు మిక్కిలి తరచైన రకము. అయితే థైరాయిడ్ లోపము, బి12 విటమిన్ లోపము, మనోవ్యాకులత కూడ ఇట్టి మరపునే కలిగించును. వానికి చికిత్స కలదు. కావున వైద్యపరీక్ష ముందు జరుగవలెను.

"ఇదే మీ ఇల్లు" అని వాదించిన పెద్దాయన మరింత బెదరును. చెప్పులు తొడిగించి, మేడచుట్టు ఒకమారు త్రిప్పి తెచ్చిన శాంతించుట కలదు. "నన్ను గుర్తుపట్టితిరా?" అని పరీక్షింపరాదు, వచ్చినవారే తమ పేరు చెప్పుట మర్యాద. తరువాత నేర్చిన హిందీ, ఇంగ్లీషులు జారిపోయి తెలుగు మాత్రము నిలుచుట పెక్కుమందిలో కనబడును. పొరుగు రాష్ట్రమున తెలుగు మాటలాడు ఇరుగుపొరుగువారు అట్టివారికి ఎంత ఆసరాయో చెప్పనక్కరలేదు.

పింఛను వ్యవహారము ఆలసింపరాదు. సంతకము నిలుకడగా నున్నప్పుడే నామినేషన్లు, బ్యాంకు ఖాతా సరిచేసికొనవలెను. ఏటేట నవంబరులో ఈయవలసిన జీవన ప్రమాణ పత్రమును 80 నిండినవారు అక్టోబరు నుండియే ఈయవచ్చును. 2021 నుండి ముఖము చూపి ఇంటినుండియే పంపు వీలు కలదు. చొక్కా జేబులో చిరునామా చీటి ఎప్పుడును ఉండవలెను. సలహాకు, 1992లో కేరళలో ఆరంభమైన ఆల్జైమర్సు సంఘమునకు పలు నగరములలో శాఖలు కలవు.

రోగి క్షేమము అందరును అడుగుదురు. రాత్రులు మేలుకొని, తన రక్తపుపోటు మాత్ర తానే మరచిపోవు కోడలి సంగతి అడుగువారరుదు. ఉగాది సభకు కూడ ఆమె రాలేదు; ఎందుకు రాలేదని ఎవరికిని తోచదు. కాలనీలోని నాలుగు కుటుంబములు వంతులు వేసికొని ఆదివారము రెండు గంటలు ఆ ఇంట కూర్చుండిన చాలును. ఆ పెద్దాయన తన ఊరి పంటకాలువ కథనే పదిమార్లు చెప్పవచ్చును. పదవమారును మొదటిమారువలె వినుట వచ్చినవారి పని. లోపలి గదిలో ఆ ఇల్లాలు నిద్రపోవుచుండును.