కమలాపురం గేటు మూత, మన కర్ర లెక్క



మంగపేట మండలం కమలాపురంలో బిల్ట్ ఫ్యాక్టరీ 2014 ఏప్రిల్‌లో ఆగింది. అప్పుడది మన వరంగల్ జిల్లా, ఇప్పుడు ములుగు. అది కార్మికుల గోస అని మనం ఊరుకున్నాం. జీతాలు లేక వాళ్లు పడ్డ బాధ చిన్నది కాదు. కానీ ఆ గేటు లోపలికి పోయింది జామాయిల్, వెదురు.

అక్కడ తయారైంది కర్రను ఉడికించి తీసే రేయాన్ గుజ్జు. దాన్ని కొని పీచు తీసేవి వేరే కంపెనీలు, అవీ కొద్దే. బయటి దేశాల గుజ్జు చవకగా దొరికితే ఇక్కడి బాయిలర్ ఆరిపోతుంది. కార్ల కంపెనీలకు విడిభాగాలు చేసే ఫ్యాక్టరీల గతీ ఇంతే. పైవాడు ఆర్డరు ఆపితే కిందివాడి పని పోతుంది. మన పని ఇంకా కష్టం. పత్తి అయితే వచ్చే ఏడు మార్చుకుంటాం. జామాయిల్ నరుకుడుకు రావడానికే నాలుగేళ్లు, మొద్దులు పీకించాలంటే జేసీబీ ఖర్చు.

2015లో ప్రభుత్వం కర్రకూ కరెంటుకూ రాయితీ ప్రకటించింది. ఫ్యాక్టరీ తెరుచుకోలేదు. 2020 జనవరిలో కంపెనీయే దివాలా కేసులో పడింది.

ఆ చట్టం సంగతి వినండి. కంపెనీ ఆస్తులు అమ్మాల్సి వస్తే, దానికి ముందటి 24 నెలల కార్మికుల బకాయిలకు తాకట్టు పెట్టుకున్న బ్యాంకులతో సమాన స్థానం. అంతకన్నా పాతవి వెనక్కి పోతాయి. ఇక్కడ గేటు మూతకూ కేసుకూ మధ్యే ఐదేళ్లు దాటింది! పీఎఫ్, గ్రాట్యుటీ ఫండును మాత్రం అప్పులవాళ్లు ముట్టుకోకూడదు. సరుకు ఇచ్చినవాళ్ల వంతు బ్యాంకుల తర్వాత, ఎక్కడో చివర.

కాంట్రాక్టరు పేరున కర్ర తోలిన రైతుకు ఆ చివరి చోటు కూడా లేదు. కాంటా చిట్టీ ఎవరి పేరున ఉంటే బాకీ వాళ్లదే. మనం కాంట్రాక్టరు ఇంటి చుట్టూ తిరగాలి, అంతే.

ఇప్పుడు సారపాక మిల్లుకు తోలుతున్నవాళ్లు ఉన్నారు. అక్కడ డబ్బు వస్తోంది కదా అని చిట్టీ అడగడం మానకండి. ఈ నరుకుడు నుంచే కాంటా రైతు పేరున పడాలి, డబ్బు రైతు ఖాతాలో పడాలి. కాదన్న కాంట్రాక్టరు పేరు మండల కమిటీకి రాసివ్వండి, పది మందిమి కలిసి పోయి అడుగుదాం.