కలిగిన ఇంట్లో పొదుపు



పొదుపు గురించి మాట్లాడతానంటే, "అది లేనివాళ్ళకు చెప్పవలసిన మాట గదా, మాకెందుకు?" అని కలిగిన రైతులు అనుకోవచ్చు. నేను ముఖ్యంగా వారితోనే మాట్లాడదలచాను. లేనివాడు దుబారా చేయాలన్నా చేయలేడు, అతనికి అప్పు పుట్టదు. పొలం చూసి అప్పిచ్చేవాళ్ళు కలిగినవాడి గుమ్మంలోకే వస్తారు.

ముందు ఒక లెక్క చూడండి. తాతగారి నాడు 30 ఎకరాల మాగాణి వున్నదనుకుందాం. బిడ్డలు ముగ్గురైతే తలా 10 ఎకరాలు. వారికి మళ్ళీ ముగ్గురేసి అయితే, మనుమల నాటికి తలా 3 ఎకరాల 33 సెంట్లు. ఆడపిల్లలకు కూడా సమాన వాటా వుండాలని 2005లో చట్టాన్ని సవరించారు, వుండవలసిందే. పొలం పంచుకున్నాము గాని, 30 ఎకరాల నాటి ఖర్చును మాత్రం ఎవరూ పంచుకోలేదు. ప్రతి యింటా అదే పందిరి, అదే విందు!

మరొక లెక్క. పెళ్ళికి 5 లక్షలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు వడ్డీ 10,000, ఏడాదికి 1,20,000. ఏటా వడ్డీని అసలులో కలిపి నోటు తిరగ రాస్తే, మూడేళ్ళలో అది 9 లక్షల 53 వేలు దాటుతుంది. విందు తిన్నవాళ్ళు మరునాడే మరచిపోతారు. పొలం గట్టు మాత్రం జరిగిపోతుంది. ఫలసాయం తిన్నవాడు మళ్ళీ తింటాడు, పొలాన్నే తిన్నవాడు మరి దేన్ని తింటాడు?

"తగ్గించుకుంటే పరువు పోదా?" అంటారు. పుచ్చలపల్లి సుందరయ్యగారిని తలచుకోండి. 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూస్వాముల యింట పుట్టారు. తన వాటా ఆస్తిని ప్రజల పనికి యిచ్చివేశారు. 1952లో రాజ్యసభ సభ్యులై, ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. ఆయన రాజకీయాలు నచ్చనివారు కూడా ఆయన నిరాడంబరతకు తల వంచారు. మనం ఆస్తి పంచివేయనక్కర లేదు. పరువు సైకిలు వల్ల పోలేదని తెలుసుకుంటే చాలు.

అయితే పొదుపు వేరు, పిసినారితనం వేరు. మంచి విత్తనానికి, పశువుల మేతకు, పిల్లల చదువుకు, ఇంట్లో పాలకు, రోగానికి మందుకు వెనకాడరాదు. కూలివాని కూలిలో కోత కోసి మిగిల్చింది పొదుపు కాదు, అన్యాయం. కోయవలసింది ఆడంబరాన్ని. అయిదెకరాలకు సొంత ట్రాక్టరు ఎందుకు? ఏడాదిలో ఎక్కువ రోజులు వాకిట్లో నిలబడే బండికి వాయిదాలు కట్టేకంటే, పనికి కావలసిన గంటలకు బాడుగ యిచ్చుకోవడం మేలు. పెరట్లో నాలుగు కూరపాదులు పెట్టుకుంటే బజారు ఖర్చు తగ్గుతుంది.

ఇక ఆచరణలోకి వద్దాం. పంట డబ్బు చేతికి రాగానే ముందు వచ్చే పంట పెట్టుబడి తీసి బ్యాంకులో వేయండి. తరువాత అప్పుల్లో ఎక్కువ వడ్డీది తీర్చండి. తరువాత వర్షం మొగం చాటేసే ఏటి కోసం కొంత దాచండి. మిగిలినదే ఇంటి ఖర్చు. మనలో చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తున్నాము, చిక్కంతా అక్కడే వున్నది.

ఈ లెక్కను యజమాని ఒక్కడే మనసులో పెట్టుకోరాదు. ఇల్లాలితో, ఎదిగిన పిల్లలతో కూర్చుని పుస్తకంలో రాయండి. ఎంత వున్నదో, ఎంత బాకీయో తెలిసిన పిల్లలు పట్టుచీరకో మోటారు సైకిలుకో మారాం చేయరు. గ్రామాలలో తిరిగే విస్తరణ కార్యకర్తలు కూడా ఎరువుల మోతాదుతో పాటు ఈ జమాఖర్చు రాయడం నేర్పితే ఎంతో మేలు చేసినవారవుతారు.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయన్నారు పెద్దలు. తాతలు మనకిచ్చిన పొలం మనం తినడానికి మాత్రమే కాదు, మనుమలకు అప్పజెప్పడానికి కూడా. ఈ రాత్రి భోజనాలయ్యాక ఆ పుస్తకం తెరవండి.