వేరు పట్టిన మన్ను



తొలి నేలమొక్కలకు వేళ్లు లేవు. శిలీంధ్రాలే వాటికి ఖనిజాలను అందించేవి. వేళ్లు లోతుకు దిగిన పిమ్మటనే రాయి అరిగి మందమైన మన్నయింది, ఆ మన్ను నిలిచింది. మన అనంతపురం వేరుశనగకు పేరులో వేరున్నా తినేది గింజ. అసలు వేరు బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తాయి.

వేరు లేనిచోట మన్ను వాననీటి వెంట పోతుంది. బళ్లారికి నీరిచ్చే తుంగభద్ర జలాశయం 1953లో సుమారు 133 టి.ఎం.సి.లు పట్టేది, పూడిక చేరి నేడు పట్టేది సుమారు 105.

2011లో సుప్రీంకోర్టు గనుల తవ్వకం ఆపించిన సండూరు కొండలపై అడవి తిరిగి వేరూనడానికి తరాలు పట్టవచ్చు. వీధి చెట్టు మాత్రం మన చేతిలోనే ఉంది. వేళ్లకు గాలి, నీరు అందేలా దాని మొదలుచుట్టూ గజం మట్టిని సిమెంటు పోయక వదలండి.