ఎదురుగా కూర్చున్న అమ్మ

1937లో ఇంగ్లండులో పుట్టిన డేవిడ్ హాక్నీ చిత్రకారుడు, ఫొటోలూ తీశాడు. మగవాణ్ణి మగవాడు ప్రేమించడం 1967 దాకా అక్కడ నేరం. ఆయన 1961లోనే ఆ ప్రేమను దాచకుండా బొమ్మల్లో గీశాడు. ఆయన 60 ఏళ్ళ కృషిని చూపే 'ఎ బిగ్గర్ బుక్' 2016లో అచ్చయింది.

ఇలాంటి పుస్తకం ఇంట్లో ఎందుకంటారా? 1977లో ఆయన తల్లిదండ్రుల బొమ్మ వేశాడు. అందులో నాన్న వంగి పుస్తకం చూసుకుంటుంటే, అమ్మ మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కొడుకు వైపే చూస్తూ కూర్చుంది. 1982లో చిన్నచిన్న ఫొటోలను బొంతలా అతికించి మళ్ళీ అమ్మనే చూపించాడు. ప్రియుణ్ణి గీసిన చెయ్యే అమ్మనూ గీసింది కదండీ!

మన బిడ్డ చెప్పలేక దాచుకున్నదేదైనా ఉంటే, తీర్పు చెప్పకుండా ఆ తల్లిలా కాసేపు ఎదురుగా కూర్చుందాం.