కంప్యూటరు చెంత మాటల చిక్కు
(జొన్నాడ గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గౌతమీ తీరమునగల ఈ జొన్నాడ మొదలుకొని కోనసీమ యంతటను, బిడ్డలు హైదరాబాదులోనో అమెరికాలోనో కంప్యూటరు కొలువులలో నుండగా పెద్దలు ఊరియందుండు కుటుంబములు అనేకము కలవు. ఇంటి కంప్యూటరు మొరాయించినపుడు తాతగారు మనుమనికి ఫోను చేయుదురు.

“ఒరేయ్ అబ్బాయ్, ఇది పనిచెయ్యట్లేదురా.”

“తెర మీద ఏమొచ్చింది తాతయ్యా?”

“ఏమీ రాలేదు.”

“సరే, బ్రౌజర్ మూసి మళ్ళీ తెరవండి.”

“ఏం మూయమంటావు?”

మనుమడు నిట్టూర్చును. ఆ నిట్టూర్పు తాతగారికి వినబడును. అటుపిమ్మట ఆయన అర్థమైనను కాకున్నను “ఆఁ, ఆఁ” అనుటకు మొదలిడుదురు.

నిజమునకు తెరమీద రెండు పంక్తుల ఇంగ్లీషు వచ్చినది. అది తనకు చెప్పబడిన మాటయని తాతగారికి తోచలేదు; అడ్డుగా నున్నదని తీసివేసిరి. మనుమనికి కావలసినవి ఆ రెండు పంక్తులే.

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎలిజబెత్ న్యూటన్ అను పరిశోధకురాలు ఒక ప్రయోగము చేసెను. కొందరు తెలిసిన పాటను మనసులో పాడుకొనుచు దాని లయను బల్లపై వ్రేళ్ళతో తట్టవలెను. ఎదుటివారు ఆ పాటను పోల్చవలెను. సగము పాటలైనను పోల్చగలరని తట్టినవారు తలచిరి. 120 పాటలలో పోల్చబడినవి 3 మాత్రమే! తట్టువాని చెవిలో పాటయంతయు మ్రోగుచుండును. వినువానికి టకటక మాత్రమే దక్కును. “బ్రౌజరు”, “ట్యాబు” అను మాటలు మనుమని నోట అట్టి టకటకలే.

ఇది యింటి ముచ్చటయే యైనచో నవ్వుకొని ఊరకుండవచ్చును. 2019 అక్టోబరు 2న కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమై, డిజిటల్ అసిస్టెంటు అను ఉద్యోగి ఊరూర వెలసెను. ప్రభుత్వపు పనులు పెక్కు కంప్యూటరు ముందు వ్రేలు పెట్టి నడపవలసినవైనవి. కొబ్బరి వలుపులో వ్రేళ్ళరిగిన ముసలమ్మ యంత్రముపై వ్రేలుంచును. “వేలిముద్ర పడలేదమ్మా” అందురు. ఆ యొక్క మాటలో ఎన్ని సంగతులు దాగియున్నవి! వ్రేలిగీతలు అరిగి యుండవచ్చును. అపుడు మరియొక వ్రేలు, కొన్ని సేవలకు కనుపాపయో ఓటీపీయో ఉపాయము. ఎప్పటికిని పడకున్నచో ఆధార్ కేంద్రమునకు పోయి ముద్రలు మార్పించుకొనవలెను. యంత్రపు అద్దము మాసియుండవచ్చును, తుడిచిన చాలును. నెట్‌వర్కు లేకపోవచ్చును, కొంతసేపు ఆగిన చాలును. ఏది కారణమో చెప్పకున్నచో ఆమె తన వ్రేలినే నిందించుకొని ఇంటికి మరలును. “సర్వర్ డౌన్” అనునది వేరొకటి. పూర్వము తాలూకా కచ్చేరీలో “దొరవారు క్యాంపులో ఉన్నారు” అనెడి మాటకు ఇది నేటి వారసురాలు.

గ్రంథాలయమున నీ చిక్కు పాతది. “ఆ ఎర్రట్ట పుస్తకమండీ” అని వచ్చిన పాఠకుని మంచి గ్రంథాలయాధికారి కసరడు. కథయా, వైద్యమా, ఎవరు చదువుచుండగా చూచితిరి అని అడిగి అడిగి బీరువా తెరచును. రంగనాథన్ పండితుడు 1931లో ప్రకటించిన పంచసూత్రములలో నాలుగవది పాఠకుని కాలమును ఆదా చేయుమనును. ఆ ప్రశ్నలకు పట్టిన రెండు నిమిషములు కాలహరణము కాదు.

మరియొక సంగతి కలదు. ఈ సహాయకులందరిలో అత్యంత సహనముతో, చక్కని తెలుగులో మాటలాడువాడు ఒకడున్నాడు. “బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాను బాబాయ్ గారూ, కంగారేం లేదు, నెమ్మదిగా చూసుకుని నొక్కండి” అని వాడు గంటసేపైనను విసుగుకొనడు. ఇంటివారి నిట్టూర్పులకు జంకిన పెద్దలు వాని మర్యాదకు కరగి ఓటీపీ చెప్పుదురు, లేదా వాడు చెప్పిన యాప్‌ను ఫోనులో ఎక్కించుకొందురు. ఆ యాప్ ద్వారా వాడు దూరమునుండియే తెర నంతయు చూచును. సొమ్ము పోయిన వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయవలెను. మనుమడు ఏమనునోయని రెండు దినములు దాచిపెట్టిన లోపల ఆ సొమ్ము ఖాతానుండి ఖాతాకు దాటిపోవును.