బీఏ అంటే మిగిలిపోయిన సీటు కాదు



ముందుగా మా తప్పు ఒప్పుకుంటాం. ఇంజినీరింగ్, నర్సింగ్ సీటు రానివాళ్లకు మిగిలేదే బీఏ అని మేము వార్డెన్లం చాలాకాలం అనుకున్నాం. మీ అక్కలకు, అన్నలకు అదే చెప్పాం. రెండేళ్ల కిందట హెచ్‌ఈసీలో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయి వేసవి సెలవుల్లో మెమో పట్టుకుని హాస్టల్‌కు వచ్చింది. "మేడమ్, సెంట్రల్ యూనివర్సిటీలో చరిత్ర చదువుతా" అంది. అప్పటికే దరఖాస్తు గడువు అయిపోయింది. ఆమెకు ముందే చెప్పాల్సిన మాకే ఆ సంగతి తెలియదు. మార్కులుండీ సీటు పోయింది.

మీకు అలా జరగకూడదు. ఇంటర్ తర్వాత దారులు రెండున్నాయి.

మొదటిది రాష్ట్ర కాలేజీల దారి. తెలంగాణలో దోస్త్, ఆంధ్రాలో డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లు. ఇంటర్ ఫలితాలు వచ్చాక దరఖాస్తు చేసుకోవచ్చు, ఇంటర్ మార్కులను బట్టి సీటు ఇస్తారు. ఎస్టీలకు ఆంధ్రాలో 6 శాతం, తెలంగాణలో 10 శాతం రిజర్వేషన్ ఉంది.

రెండోది కేంద్ర విశ్వవిద్యాలయాల దారి. 2022 నుంచి దీనికి సీయూఈటీ పరీక్ష ఉంది. దీని దరఖాస్తు ఇంటర్ ఫలితాల కోసం ఆగదు, పరీక్షలకు ముందో, అవి జరుగుతుండగానో ముగిసిపోతుంది. పరీక్ష తెలుగులోనూ రాయొచ్చు. తప్పు జవాబుకు మార్కు తగ్గుతుంది. ఏ కోర్సుకు ఏ పేపర్లు రాయాలో ఒక్కో యూనివర్సిటీ ఒక్కోలా అడుగుతుంది, అది చూశాకే పేపర్లు ఎంచుకోండి. ఇక్కడ ఎస్టీ రిజర్వేషన్ 7.5 శాతం.

ఎక్కడ ఏముందో కూడా చూడండి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాతే చేరే ఐదేళ్ల ఎంఏ ఉంది. చరిత్ర, సోషియాలజీ, ఆంత్రోపాలజీ, తెలుగు వంటివి చదవొచ్చు. ములుగులోని సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం బీఏ ఇంగ్లీషు, ఎకనామిక్స్‌తో మొదలైంది. విజయనగరం గిరిజన విశ్వవిద్యాలయంలో డిగ్రీ తర్వాత ఇంగ్లీషు, సోషియాలజీ, సోషల్ వర్క్ చదవొచ్చు. దూరం వెళ్లగలిగితే మధ్యప్రదేశ్‌లో అమర్‌కంటక్ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ఇలాంటి చోట్ల పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి. మొదటి ఏడాది కష్టపడాలి, కానీ దానికి భయపడి ఆగిపోవద్దు.

ఇప్పటికే డిగ్రీలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఎంఏకు ఆంధ్రాలో పీజీసెట్, తెలంగాణలో సీపీగెట్, కేంద్ర సంస్థలకు సీయూఈటీ పీజీ రాయాలి. సోషల్ వర్క్, ఆంత్రోపాలజీ లాంటివాటికి చాలాచోట్ల ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. పీహెచ్‌డీకి వెళ్తే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తుంది.

ఇంటర్ రెండో ఏడాది సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. టెన్త్ మెమో, ఆధార్, ఎస్టీ సర్టిఫికెట్ పక్కపక్కన పెట్టి చూడండి. పేరులో, ఇంటిపేరులో, పుట్టినతేదీలో తేడా ఉంటే అప్పుడే సరిచేయించండి. గడువు రోజున మీసేవ దగ్గర నిలబడితే పని జరగదు. ఊళ్లో సిగ్నల్ ఉండదు కాబట్టి దరఖాస్తు హాస్టల్లో ఉండగానే పూర్తి చేయండి.

చివరిగా, ఈ చదువులు మనకెందుకు? సవర భాష మీద గిడుగు రామమూర్తి గారి పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. ఆ మేలు మరువలేం. కానీ ఇన్నేళ్ల తర్వాత కూడా మన భాష గురించి, మన భూమి గురించి, మన జాతరల గురించి బయటివాళ్లే రాయాలా? మన అవ్వ చెప్పే కథలో ఏ మాటకు ఏ అర్థమో ఆమె మనవరాలికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది? ఆ మనవరాలు భాషాశాస్త్రం చదవాలి, చరిత్ర చదవాలి.

ఈ ఏడాది నుంచి మా హాస్టల్ నోటీసు బోర్డులో మెనూ పక్కనే దరఖాస్తు తేదీలు రాస్తున్నాం. అన్నం వేళ ఎలాగూ అటు చూస్తారు, పక్కన రాసిందీ చదవండి. అర్థం కాకపోతే మా గది తలుపు తట్టండి. ఈసారి మాకు తెలియదు అనం.

జై ఆదివాసీ.